టీవీ వెనకాల ఏముంది?

“మీ టీవీ వెనకాల మూడు రంగుల పిన్నులు పెట్టుకునే చోటు ఉందాండీ?”

డిష్షు కొనటానికి వెళ్ళిన షాపులో యజమాని బుచ్చిబాబు గారు అలా అడిగేసరికి దేవసహాయం తల గోక్కున్నాడు. పక్కనే నిలబడ్డ కూతురి వైపు తిరిగాడు.

“మా హెప్సిబా చెబుతుందండి. ఏడో తరగతి చదువుతోంది. ఇలాంటివన్నీ దానికే తెలుసు,” అన్నాడు గర్వంగా.

షాపులో ఉన్నవాళ్ళంతా హెప్సిబా వైపు చూశారు. ఫ్యాను బాగుచేయించుకోవటానికి వచ్చిన ఒక పెద్దావిడ అయితే కళ్ళజోడు సవరించుకుని మరీ చూసింది.

హెప్సిబాకి చెవులు వేడెక్కాయి. మూడు రంగుల పిన్నులంటే ఏంటో తనకి తెలుసు. పసుపు, తెలుపు, ఎరుపు. స్నేహితురాలు కుసుమ వాళ్ళింట్లో కలర్ టీవీకి ఉన్నాయి. మరి తమ టీవీకి? తమ టీవీ వెనక్కి తనెప్పుడూ తొంగి చూసిందే లేదు. అది ఎప్పుడూ గోడకి ఆనుకునే ఉంటుంది.

కానీ “అన్నీ దానికే తెలుసు” అని నాన్న అందరి ముందూ చెప్పేశాక, తెలీదని ఎలా అనటం?

“ఉన్నాయండీ,” అంది.

“చూసే చెబుతున్నావా అమ్మా?”

“ఆఁ, చూశానండీ.”

బుచ్చిబాబు గారు తలూపి, బల్ల మీదున్న రెండు రిసీవర్లనీ దగ్గరికి జరిపాడు. ఒకటి నల్లగా నిగనిగలాడుతోంది. ముందు పచ్చటి అంకెలు వెలుగుతున్నాయి. రెండోది బూడిదరంగుది. చూడ్డానికి టిఫిన్ డబ్బాలా ఉంది.

“డిష్షు ఏదైనా ఒకటేనండి. ఒకసారి కొనుక్కుంటే చాలు, కేబుల్లాగా నెలనెలా ఎవరికీ కట్టక్కర్లేదు. చూసుకోవాల్సిందల్లా డిష్షునీ టీవీనీ కలిపే ఈ రిసీవరే. ఈ నల్లదానికి రంగు పిన్నుల వైరు ఒక్కటే ఉంటుంది. ఆ బూడిదరంగు దానికి పిన్నులూ ఉంటాయి, మామూలు యాంటెన్నా వైరు తగిలించుకునే చోటూ ఉంటుంది. పాత టీవీలకి అది కావాలి. మీ టీవీకి పిన్నులున్నాయంటున్నారు కాబట్టి ఏది తీసుకున్నా పర్వాలేదు. నల్లదాంట్లో ఆటలు కూడా ఉన్నాయి,” అన్నాడు బుచ్చిబాబు గారు.

“ఏది తీసుకుందామే?” అన్నాడు నాన్న.

హెప్సిబా కళ్ళు అప్పటికే నల్లదాని మీద ఉన్నాయి.

“ఇది తీసుకుందాం నాన్నా,” అంది.

బుచ్చిబాబు గారు కొత్త పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. దాని మూతకి అంటించిన టేపు మీద వేలుతో కొట్టి చూపించాడు.

“ఒక్క మాటండి. ఈ సీలు తీశారంటే ఇంక వెనక్కి తీసుకోను. తర్వాత సరిపోలేదంటే నేనేం చెయ్యలేను.”

“సరిపోకపోవటమేంటండీ, మా అమ్మాయి చూసే చెప్పింది కదా,” అంటూ నాన్న నవ్వాడు.

హెప్సిబా కూడా నవ్వబోయింది. నవ్వు రాలేదు.

* * *

ఏలూరులో బస్సెక్కి కూర్చున్నాక నాన్న పెట్టెని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. డిష్షు డ్రైవరు వెనకాల నిలబెట్టి ఉంది.

వాళ్ళ ఊరు మండవల్లి దగ్గర, కొల్లేటి అంచున. దేవసహాయం అక్కడ చేపల చెరువుల మీద పని చేస్తాడు. వాళ్ళ వీధి దాకా కేబుల్ రాలేదు. ఇంటి మీద యాంటెన్నా ఉంది కానీ, దాన్ని ఎటు తిప్పినా బొమ్మ కంటే చుక్కలే ఎక్కువ కనబడతాయి. ఇన్నాళ్ళూ దాంతోనే సరిపెట్టుకున్నారు.

ఇప్పుడు హడావుడిగా డిష్షు కొనటానికి ఒక కారణం ఉంది. హెప్సిబా అక్క శాలిని పదో తరగతి. స్పోర్ట్స్ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. కబడ్డీ ఆడుతుంది. మొన్న జరిగిన స్కూళ్ళ పోటీల్లో వాళ్ళ జట్టు ఫైనల్ దాకా వెళ్ళింది. ఆ ఆటని టీవీ వాళ్ళు వచ్చి కెమెరాతో తీశారట. ఆదివారం సాయంత్రం నాలుగింటికి దూరదర్శన్ తెలుగు ఛానల్లో వేస్తారట. పాస్టరు గారింటికి ఫోన్ చేసి చెప్పింది శాలిని.

“గెలిచారా అక్కా?” అని హెప్సిబా అడిగితే, “చెప్పను. మామ్మని పక్కన కూర్చోబెట్టుకుని చూడు,” అని ఫోన్ పెట్టేసింది.

ఆదివారమంటే రేపే.

“మీ మామ్మ ఒక్కసారి కూడా చూళ్ళేదే శాలిని ఆట. ఆ మోకాళ్ళ నొప్పులతో ఎక్కడికి తీసుకెళ్ళగలం? ఇప్పుడు ఇంట్లో కూర్చుని చూస్తుంది,” అన్నాడు నాన్న.

హెప్సిబా కిటికీ వైపు తిరిగింది. రోడ్డుకి అటూ ఇటూ చేపల చెరువులు. గట్ల మీద కొంగలు. రోజూ చూసేవే. కానీ ఆమెకి అవేమీ కనబడటం లేదు. తమ ఇంటి టీవీ కనబడుతోంది. ముందు వైపు బాగానే గుర్తొస్తోంది. ఎడం పక్క తెర, కుడి పక్క గుండ్రటి బటన్లు, కింద అమ్మ కుట్టిన గుడ్డ. వెనకాల?

వెనకనుంచి ఒక వైరు వచ్చి కిటికీలోంచి బయటికి వెళుతుంది. అది యాంటెన్నా వైరు. ఆ వైరు పక్కన ఇంకేమైనా ఉన్నాయా? పసుపు? ఎరుపు?

ఉండే ఉంటాయి, అనుకుంది. అన్ని టీవీలకీ ఉంటాయి కదా.

కాసేపటికి మళ్ళీ భయం వేసింది. కుసుమ వాళ్ళది కొత్త టీవీ. కలర్ టీవీ. తమది బ్లాక్ అండ్ వైట్. తను పుట్టకముందు కొన్నది.

“నాన్నా, సీలు తీస్తే నిజంగానే వెనక్కి తీసుకోరా?”

“తీసుకోరట. అయినా మనకెందుకే? సరిపోయేదే తెచ్చుకున్నాంగా.”

హెప్సిబా మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. కైకలూరులో బస్సు దిగి, ఆటో ఎక్కి, ఊరు చేరారు.

* * *

ఇంటి ముందు మామ్మ స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. ఆమె పేరు సువార్తమ్మ. కళ్ళకి పొరలు వచ్చి దూరంవి సరిగ్గా ఆనవు. అయినా ఆటో చప్పుడు విని లేచి నిలబడింది.

“తెచ్చారా?”

“తెచ్చామమ్మా,” అని నాన్న డిష్షు దించాడు.

“మంచిదాన్నే చూసి తెచ్చారా? రేపు అందర్నీ రమ్మన్నాను. మన శాలిని టీవీలో ఆడుతోందని వీధంతా చెప్పాను.”

“మన హెప్సీయే చూసి తీసుకుంది,” అన్నాడు నాన్న.

“నా బంగారమే!” అంటూ మామ్మ హెప్సిబా బుగ్గలు నిమిరింది. హెప్సిబాకి ఆ చేతుల్లోంచి తప్పించుకుని పారిపోవాలనిపించింది.

నాన్న పెట్టెని జాగ్రత్తగా టీవీ పక్కన పెట్టాడు. చెరువులో చేపలకి మేత వేసే వేళైందని వెంటనే వెళ్ళిపోయాడు. అమ్మ పొయ్యి దగ్గర ఉంది. మామ్మ వాకిట్లో ఎవరితోనో మాట్లాడుతోంది.

హెప్సిబా టీవీ దగ్గరికి వెళ్ళింది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా ముందుకి లాగింది. వెనక్కి తొంగి చూసింది.

నల్లటి ప్లాస్టిక్. గాలి ఆడటానికి సన్నటి చీలికలు. ఒక మూల సాలెగూడు. మధ్యలో ఒకే ఒక్క గుండ్రటి కన్నం. అందులోకి యాంటెన్నా వైరు వెళ్ళింది.

అంతే. పసుపు లేదు. తెలుపు లేదు. ఎరుపు లేదు.

గూడు కింద ఏమైనా దాగి ఉన్నాయేమోనని దాన్ని వేలితో తీసి చూసింది. అక్కడా ఏమీ లేదు.

హెప్సిబా వేలికంటిన సాలెగూడుని గోడకి రాసింది.

“ఏం చేస్తున్నావే అక్కడ?” అంది అమ్మ గుమ్మంలోంచి.

“ఏం లేదమ్మా. బూజు దులుపుతున్నాను.”

“ఈ వేళప్పుడు బూజేంటే!” అని అమ్మ నవ్వుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

హెప్సిబా టీవీని మళ్ళీ గోడకి జరిపేసింది.

అన్నం తినేటప్పుడు హెప్సిబా ముద్దలు కలుపుతూనే కూర్చుంది. ఇప్పుడు చెప్పేద్దాం అనుకుని రెండు మూడుసార్లు నోరు తెరిచింది. కానీ నాన్న చాలా హుషారుగా ఉన్నాడు.

“కైకలూరు మనోజ్‌కి చెప్పొచ్చాను. డిష్షులు బిగిస్తాడు కదా, ఆ అబ్బాయి. రేపు మధ్యాహ్నం వస్తానన్నాడు,” అన్నాడు.

“నువ్వేమో ఏమీ మాట్లాడవేంటే? ఒంట్లో బాలేదా?” అంది అమ్మ హన్నమ్మ.

“బానే ఉంది.”

పడుకున్నాక కూడా అదే ఆలోచన. రేపు కరెంటు పోతే బాగుండును. కాదు కాదు, కరెంటు పోతే అక్కని చూడటానికి వీలుండదు. మనోజ్ దగ్గర వేరే వైరు ఏదైనా ఉంటే బాగుండును. ఒకవేళ ఆ కన్నంలోనే పిన్నులు పట్టేస్తాయేమో! పట్టకపోతే? నాన్న అందరి ముందూ ఏమైపోతాడు?

పొద్దున్న చెబుదాంలే, అనుకుని దుప్పటి ముసుగేసుకుంది.

* * *

పొద్దున్న లేచేసరికి నాన్న టీవీ దగ్గర మఠం వేసుకుని కూర్చుని ఉన్నాడు. పెట్టె ఒళ్ళో ఉంది. చేతిలో బ్లేడు ఉంది. అమ్మా మామ్మా పక్కనే నిలబడి చూస్తున్నారు.

“మనోజ్ వచ్చేలోపు తీసి సిద్ధంగా పెడదాం,” అంటూ నాన్న బ్లేడుని టేపు మీద ఆనించాడు.

“నాన్నా, ఆగు!”

హెప్సిబా అరిచిన అరుపుకి నాన్న ఉలిక్కిపడ్డాడు. అప్పటికే టేపు ఒక మూల కాస్త తెగింది.

“ఏమైందే?”

“అది తియ్యకు. మన టీవీకి పిన్నులు లేవు.”

“లేకపోవటమేంటి? ఉన్నాయన్నావుగా!”

“చూడకుండా చెప్పాను.”

 నాన్న బ్లేడు పక్కన పెట్టి లేచాడు. టీవీని ముందుకి లాగి వెనక్కి చూశాడు. ఉన్న ఒక్క కన్నాన్నీ వేలితో తడిమాడు.

అమ్మకి మాత్రం కోపం ఆగలేదు. “అయితే నిన్న సాయంత్రం బూజు దులుపుతున్నానన్నది ఇదేనా? అప్పుడే చెబితే నీ నోరు అరిగిపోయేదా? రాత్రంతా ఎలా దాచుకున్నావే కడుపులో?”

హెప్సిబా కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా రాలాయి.

“షాపులోనే తెలీదని చెప్పుంటే సరిపోయేదిగా,” అన్నాడు నాన్న. గట్టిగా అనలేదు. అందుకే ఇంకా బాధేసింది.

“అందరి ముందూ నాకు అన్నీ తెలుసని చెప్పావు నాన్నా. తెలీదంటే నవ్వుతారేమోనని...”

 నాన్న మళ్ళీ కింద కూర్చున్నాడు. తెగిన టేపు మూలని వేలితో నొక్కుతూ అన్నాడు:

“ఆ పిన్నులంటే ఏంటో నాకూ తెలీదే. ఆయన అడిగేసరికి నాకూ సిగ్గేసింది. అందుకే నిన్ను ముందుకి తోసేశాను.”

హెప్సిబా ఏడుపు ఆపి నాన్న వైపు చూసింది. నాన్నకి కూడా సిగ్గేస్తుందని ఆమెకి ఇప్పటిదాకా తెలీదు.

“ఇప్పుడేం చేద్దామండీ? నాలుగింటికే కదా ఆట,” అంది అమ్మ.

“ఏలూరు వెళ్ళి అడిగొస్తాను. ఆదివారాలు మధ్యాహ్నం దాకా షాపు తీసుంటుందని చెప్పాడాయన. మార్చి ఇస్తాడో లేదో మరి. మూల తెగింది కదా.”

“నేనూ వస్తాను,” అంది హెప్సిబా. “తప్పు చెప్పింది నేనే కదా.”

చెప్పులు వేసుకోబోతూ ఆమె ఆగింది. టీవీ వైపు చూసింది.

“నాన్నా, దీన్ని కూడా తీసుకెళదాం. అక్కడ ఆయన మళ్ళీ ఏదో ఒకటి అడుగుతారు. మనకి తెలీదు. దీన్నే చూపిద్దాం.”

“టీవీనా! బస్సులోనా?” అంది అమ్మ.

నాన్న టీవీని రెండు చేతులతో ఎత్తి చూశాడు. “చిన్నదేగా. మోసుకెళతాను. దుప్పటి ఇవ్వు.”

“ఆదివారం పూట చర్చికి రాకుండా...” అని అమ్మ సణిగింది.

“నేనూ నువ్వూ వెళదాం. వీళ్ళ సంగతి దేవుడికి నేను చెప్తాలే. పోనీ వాళ్ళని, బస్సు దొరకదు,” అంది మామ్మ.

* * *

బస్సులో టీవీని చూసి కండక్టరు ఆగిపోయాడు.

“ఏంటండీ ఇది? దీనికి కిటికీ పక్క సీటు కావాలా?”

బస్సంతా నవ్వింది. మామూలప్పుడైతే హెప్సిబా సిగ్గుతో చచ్చిపోయేది. ఇప్పుడు ఆమె మనసంతా దారి మీదే ఉంది. మధ్యలో ఒక చేపల లారీ ఆగిపోయి, బస్సు కదలకుండా నిలబడిపోయింది. దిగినవాళ్ళంతా బీడీలు కాల్చుకుంటూ తాపీగా కబుర్లు చెప్పుకుంటున్నారు.

“షాపు కట్టేస్తారేమో నాన్నా.”

“చూద్దాం.”

“మార్చనంటే?”

 నాన్న దుప్పట్లో చుట్టిన టీవీని ఒళ్ళోకి ఇంకాస్త దగ్గరగా లాక్కున్నాడు.

ఏలూరులో దిగి పరుగులాంటి నడకతో వెళ్ళేసరికి షాపు షట్టరు సగం కిందికి దించి ఉంది. హెప్సిబా వంగి చూసింది. లోపల బుచ్చిబాబు గారు సామాన్లు సర్దుతున్నాడు.

“ఏవండీ! ఏవండీ!” అని పిలిచింది.

ఆయన షట్టరు పైకెత్తి, దుప్పటి మూట వైపూ, పెట్టె వైపూ మార్చి మార్చి చూశాడు.

నాన్న నోరు తెరిచేలోపే హెప్సిబా ముందుకొచ్చింది.  

“నిన్న నేను చూడకుండానే చూశానని చెప్పానండీ. మా టీవీకి పిన్నులు లేవు. టేపు కొంచెం తెగింది. అంతకు మించి తియ్యలేదండీ.”

బుచ్చిబాబు గారు పెట్టె తీసుకున్నాడు. తెగిన మూలని చూసి మొహం చిట్లించాడు.

“నిన్న రెండుసార్లు అడిగాను కదమ్మా. ఇప్పుడు ఇది ఇంకొకళ్ళకి ఇస్తే, టేపు ఎందుకు తెగిందని అడగరా?”

హెప్సిబా తల దించుకుంది. ఆయన చెప్పింది నిజమే. 

ఆయన మిగతా టేపు తానే తీసి మూత తెరిచాడు. లోపల రిసీవరు, దాని కవరు, వైర్ల చుట్ట అన్నీ పరీక్షగా చూశాడు. 

“లోపల కవరు కదపలేదు. సరే, ఉంచండి. దీన్ని షాపులో చూపించటానికి వాడుకుంటాను,” అన్నాడు చివరికి. “కవరు చింపి వచ్చుంటే మాత్రం నేను తీసుకునేవాణ్ణి కాదు. అది గుర్తు పెట్టుకోండి.”

“చాలా మంచిదండీ,” అన్నాడు నాన్న చేతులు జోడించి.

“సరే, పాత టీవీకి బూడిదరంగుదే పనికొస్తుంది. మీది ఏ రకం టీవీయో చెప్పండి. యాంటెన్నా వైరు పెట్టే కన్నం సన్నదా, వెడల్పుదా...”

“మాకు తెలీదండీ,” అంది హెప్సిబా. “అందుకే తెచ్చేశాం.”

నాన్న దుప్పటి విప్పాడు. బుచ్చిబాబు గారు టీవీని చుట్టూ తిప్పి చూశాడు. తర్వాత పెద్దగా నవ్వేశాడు.

“టీవీనే మోసుకొచ్చారా! ఇలాగే అందరూ తెస్తే నాకు సగం తలనొప్పి తగ్గుతుంది!”

ఆయన బూడిదరంగు రిసీవరు నుంచి ఒక వైరు తీసి, టీవీ వెనకాల ఉన్న ఆ ఒక్క కన్నంలో పెట్టాడు. ప్లగ్గు పెట్టి, టీవీ బటను మెల్లమెల్లగా తిప్పాడు. ముందు అంతా చుక్కలు. ఆ తర్వాత ఉన్నట్టుండి తెర నిండా తెల్లటి అక్షరాలు వచ్చాయి.

“చూశావా? రిసీవరు పలుకుతోంది. ఈ బటను ఇక్కడే ఉండాలి, కదపొద్దు. ఇంకేమైనా అడగాలా?”

హెప్సిబా అడిగింది. కరెంటు తగ్గినప్పుడు ఏం చెయ్యాలి, వాన పడితే ఏమవుతుంది, రిమోట్ పోతే ఎలా అని వరసగా అడిగింది. తను అడగటం అయ్యాక నాన్న మొదలుపెట్టాడు. షట్టరు మళ్ళీ దించే సమయానికి బుచ్చిబాబు గారి గొంతు ఎండిపోయింది.

* * *

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. మనోజ్ అప్పటికే వచ్చి చిరాగ్గా కూర్చుని ఉన్నాడు.

“ఇంకో ఇంట్లో కూడా బిగించాలండి. త్వరగా కానిద్దాం,” అంటూ స్లాబు మీదికి ఎక్కాడు. నాన్న డిష్షు పట్టుకుని వెనకే వెళ్ళాడు.

స్లాబు మీద బోల్టులు బిగిస్తున్న చప్పుడు మొదలైంది. గదిలో అప్పటికే చాపలు పరిచి ఉన్నాయి. మామ్మ పిలిచినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటున్నారు. హెప్సిబా టీవీ ముందు నిలబడింది. తెర మీద ఏం కనబడుతోందో కిటికీలోంచి పైకి అరిచి చెప్పటం ఆమె పని.

తెర మీద సిగ్నల్ ఎంత వస్తోందో చూపించే రెండు ఖాళీ గీతలు ఉన్నాయి, ఒకదాని కింద ఒకటి.

“వచ్చిందా?” అని అరిచాడు మనోజ్ పైనుంచి.

“రాలేదండీ!”

“ఇప్పుడు?”

“రాలేదు!”

గడియారం నాలుగుకి దగ్గరపడుతోంది. మామ్మ కొంగు చివర మెలిపెడుతోంది. ఎవరో చిన్నపిల్లాడు “ఎప్పుడేస్తారు?” అని ఏడుపు మొదలుపెట్టాడు.

డిష్షు మళ్ళీ కదిలిన చప్పుడైంది. తెర మీద పై గీత ఒక్కసారిగా నిండింది.

“ఆఁ, వచ్చింది!” అన్నారు గదిలో ఎవరో.

“వచ్చిందా పాపా? గీత నిండిందా? బిగించెయ్యనా?” మనోజ్ గొంతులో తొందర వినబడింది.

అందరూ హెప్సిబా వైపే చూస్తున్నారు. ‘చెప్పవే’ అన్నట్టు అమ్మ చెయ్యి ఊపింది. “వచ్చింది” అనే మాట హెప్సిబా నాలుక చివరిదాకా వచ్చింది.

ఆమె తెరకి దగ్గరగా వెళ్ళి మళ్ళీ చూసింది.

“పై గీత నిండిందండీ! కింది గీత ఖాళీగానే ఉంది! ఒకటి చాలో రెండూ కావాలో నాకు తెలీదు!”

పైన బోల్టు తిప్పే చప్పుడు ఆగింది.

“అయ్యో, కిందిదే ముఖ్యం! అది నిండితేనే బొమ్మ వస్తుంది. ఆగు, ఇంకొంచెం తిప్పుతాను!”

డిష్షు కిర్రుమంది. కింది గీతలో చిన్న ముక్క వెలిగి ఆరిపోయింది.

“కొంచెం వచ్చి పోయిందండీ!”

“ఇటా?”

“ఇప్పుడు లేదు!”

“ఇటు?”

“వచ్చింది! పెరుగుతోంది... సగం దాటింది... ఉండండి, ఉండండి, అక్కడే!”

గీతలు మాయమయ్యాయి. తెర నల్లబడింది. గదిలో అందరూ నిట్టూర్చారు. “బిగించేశాను! ఇంక రిమోట్‌తో ఛానళ్ళు మార్చు!” అని పైనుంచి అరిచాడు మనోజ్. హెప్సిబా రిమోట్ నొక్కింది. ఒక ఛానల్. అది కాదు. ఇంకొకటి. అదీ కాదు. మళ్ళీ నొక్కింది.

ఈల వినబడింది. జనం అరుపులు వినబడ్డాయి. తర్వాత బొమ్మ వచ్చింది. చుక్కలు లేవు. మట్టి కోర్టు, సున్నం గీతలు, చేతులు పట్టుకుని నిలబడ్డ అమ్మాయిలు. ఆట అప్పటికే మొదలైపోయింది.

నాన్న స్లాబు మీదినుంచి పరుగున దిగొచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. ఆయన వెనకాలే మనోజ్ కూడా ఇంకో ఇంటి సంగతి మర్చిపోయి తొంగి చూశాడు.

ఒక అమ్మాయి గీత దాటి అవతలి జట్టు వైపు దూకింది. గదిలో ఒక్కసారిగా గోల లేచింది.

“శాలినీ! అది శాలినే!”

“కాదు, ఆ చివర ఉన్నది!”

మామ్మ స్టూలు ముందుకి లాక్కుంది. కళ్ళు చికిలించి చూసింది. తెర మీద బొమ్మలు చిన్నగా ఉన్నాయి. అందరి జడలూ ఒకలాగే మడిచి కట్టి ఉన్నాయి. అందరి బట్టలూ ఒకే రంగులో కనబడుతున్నాయి. ఆమె హెప్సిబా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది.

“అమ్మడూ, వీళ్ళంతా తలో మాటా అంటున్నారు. నువ్వు చెప్పు. ఆ కూతకి వెళ్ళిన పిల్ల మన శాలినేనా?”

మామ్మ మొహం ఎంతో ఆశగా ఉంది. హెప్సిబా తెర వైపు చూసింది. ఆ అమ్మాయి వీపు మాత్రమే కనబడుతోంది.

“ఇంకా తెలీట్లేదు మామ్మా,” అంది హెప్సిబా. “ఇటు తిరగనీ. మొహం చూసి చెబుతాను.”

మామ్మ తలూపింది. ఆమె చెయ్యి వదలకుండా హెప్సిబా తెరకి ఇంకొంచెం దగ్గరగా జరిగి, కళ్ళార్పకుండా చూస్తూ కూర్చుంది.